రిమార్కుల గడి

జూన్ 9, సోమవారం

ఊరికి నీళ్ళు తోడే మా పంప్‌హౌస్‌లో పాత లాగ్ బుక్కు ఒకటి సగం ఖాళీగా మిగిలిపోతే ఇంటికి తెచ్చుకున్నాను. పేజీకి ఐదు గళ్ళు: సమయం, ప్రెషర్, వేడి, శబ్దం, రిమార్కులు. ఇరవై రెండేళ్ళుగా గంటగంటకూ ఈ గళ్ళే నింపుతున్నాను. ఇంకోలా రాయడం నాకు రాదు.

ఇవాళ అమ్మాయి బడిలో తల్లిదండ్రుల సమావేశం జరిగింది. కౌన్సెలర్ మేడమ్ ఒక కాగితం పంచింది. పిల్లల మనసు తీవ్రంగా దెబ్బతినే జబ్బులు వచ్చే ముందు కనిపించే గుర్తులట, మొత్తం పది. "ఇవి ఉంటే జబ్బున్నట్టు కాదు. చాలామంది పిల్లల్లో వస్తుంటాయి, పోతుంటాయి. కొత్తగా వచ్చి పెరుగుతూ పోతుంటే మాత్రం మాకు చెప్పండి. భయపడకండి, గమనించండి" అంది.

గమనించడం నాకు చేతనైన పని.

ఒక ఫారం కూడా నింపమన్నారు. చివరి ప్రశ్న: కుటుంబంలో ఎవరికైనా తీవ్రమైన మానసిక వ్యాధి ఉందా? 'లేదు' అని రాసి, సంతకం పెట్టి ఇచ్చాను.

నంబర్ 3 పంపు బేరింగ్ వేడి మామూలే.

జూన్ 10, మంగళవారం

అన్నయ్యకు పదిహేనో ఏట మొదలైంది. ఉడతకు ఆగస్టులో పదిహేను నిండుతాయి.

రాసేశాను కాబట్టి దీని గురించి ఇక రాయనక్కర్లేదు.

జూన్ 11, బుధవారం

ఉడత అంటే మా అమ్మాయి. చిన్నప్పుడు తినేదంతా బుగ్గన దాచుకునేది. ఇప్పుడు మాటలు దాచుకుంటోంది. పోయిన ఏడాది వరకు నేను డ్యూటీ నుంచి రాగానే చెప్పులు విప్పనిచ్చేది కాదు, బడి సంగతులన్నీ గుమ్మంలోనే వినాలి. ఇప్పుడు "ఏమ్మా" అంటే "ఏం లేదు" అంటుంది. ఆ తర్వాత ఏమడగాలో నాకు తెలియదు. "సరే" అంటాను. అక్కడితో అయిపోతుంది.

పది గుర్తులూ ఈ పుస్తకంలోకి ఎత్తి రాసుకున్నాను. ఏ పరికరమైనా వాడే ముందు సరిచూసుకోవడం మా పద్ధతి. అందుకని ముందు ఇంట్లో మిగతావాళ్ళ మీద పెట్టి చూశాను.

అత్తయ్యగారికి ఏడు వచ్చాయి. పోయిన మామగారి ఫొటోతో ఆమె రోజూ మాట్లాడుతుంది, అది ఒకటి. ఆయన సమాధానం కూడా చెబుతాడు, అది ఇంకొకటి. నా భార్యకు ఐదు. కుట్టుమిషన్‌ను తిడుతుంది. తన కత్తెరను ఎవరో కావాలని దాస్తున్నారని పన్నెండేళ్ళుగా నమ్ముతోంది. పంప్‌హౌస్‌లో నా తర్వాత డ్యూటీకి వచ్చే కథల మాస్టారికి ఎనిమిది. ఆయన నిజానికి మాస్టారు కాదు, కథలు మాత్రం నిజంగానే చెబుతాడు.

నాకు నేను వేసుకోలేదు. రీడింగ్ తీసేవాడు తన రీడింగ్ తీసుకోడు.

జూన్ 13, శుక్రవారం

ఉడత గది గోడ అవతల మా వంటిల్లు. పంప్‌హౌస్ నుంచి వినికిడి కర్ర తెచ్చాను. మూరెడు పొడవు చేవకర్ర. ఒక కొన బేరింగ్ మీద, ఇంకో కొన చెవి దగ్గర పెడితే లోపల ఏం జరుగుతోందో తెలుస్తుంది. ఇది నాకెవరూ నేర్పలేదు. బేరింగ్ పోయే రెండు నెలల ముందే గొంతు మారుతుంది. మూడుసార్లు ముందే పట్టుకున్నాను.

కర్ర గోడకు ఆనించి విన్నాను. లోపల ఎవరో ఆగకుండా తలుపు కొడుతున్నట్టు వినిపించింది. చాలాసేపటికి గానీ అది నా గుండె అని తెలియలేదు.

అత్తయ్యగారు మంచినీళ్ళకు వచ్చి చూసింది.

"అల్లుడుగారూ, గోడకేమైనా జ్వరమా?"

"చెమ్మ ఉందేమోనని చూస్తున్నానండీ."

"చెమ్మ చెవికి తెలుస్తుందా?"

"కొంచెం."

ఆమె నేరుగా ఫొటో దగ్గరకు వెళ్ళింది. "విన్నారా, మీ అల్లుడు గోడతో మాట్లాడుతున్నాడు" అని చెప్పడం వినిపించింది. మామగారు ఏమన్నాడో వినబడలేదు.

జూన్ 16, సోమవారం

ఉడత బడి నుంచి లైబ్రరీకి వెళుతుంది. ఇవాళ డ్యూటీ దిగాక నేనూ వెళ్ళాను, ముప్పై అడుగుల వెనక. గొడుగు అడ్డం పెట్టుకున్నాను. వాన లేదు. గొడుగు వేసింది నేనొక్కడినే కాబట్టి బహుశా అంత బాగా అడ్డం పడలేదు.

లైబ్రరీలో ఒంటరిగా కూర్చుంది. అరగంటలో ఒకసారి నవ్వింది. ఎదురుగా ఎవరూ లేరు, పుస్తకం తప్ప. పుస్తకం లెక్కలోకి తీసుకోవాలో వద్దో కాగితంలో రాయలేదు. సగం టిక్కు వేశాను.

జూన్ 18, బుధవారం

భోజనాల దగ్గర ఉడత వాళ్ళమ్మతో అంది: "అమ్మా, నన్నెవరో ఫాలో అవుతున్నారే. మూడు రోజుల్నించీ. వెనక ఎవరో ఉన్నట్టే ఉంటోంది."

"ఎవరు?" అంది నా భార్య.

"ఏమో. మొహం కనిపించడం లేదు. ఏదో అడ్డం పెట్టుకుంటున్నారు."

నాలుగో గుర్తు: ఎవరో తనను గమనిస్తున్నారని అనుకోవడం. టిక్కు వేశాను. అన్నయ్యది కూడా సరిగ్గా ఇక్కడే మొదలైంది.

రేపటి నుంచి ఇంకా దగ్గరగా గమనించాలి.

జూన్ 19, గురువారం

ముప్పై అడుగులు కాదు, పదిహేను. గొడుగు మార్చాను.

జూన్ 20, శుక్రవారం

తలుపు మూసుకుంటోంది. లోపల కుర్చీ అడ్డం పెడుతోంది. వంటింటి వైపు గోడకు పరుపు నిలబెట్టిందట, నా భార్య చెప్పింది. మొదటి గుర్తు: గదిలోనే ఉండిపోవడం. టిక్కు.

ఇక్కడ పంప్‌హౌస్ విషయం కూడా రాయాలి. నంబర్ 2 గొంతు మారిందని సోమవారం నుంచీ అనుమానంగా ఉంది. కథల మాస్టారిని వినమంటే, "తమ్ముడూ, అది పంపు. దానికి గొంతేమిటి? నీకు నిద్ర చాలడం లేదు" అన్నాడు. ఎనిమిది టిక్కులున్న మనిషి మాట నేనెలా నమ్ముతాను? రేపు విప్పుతాను.

జూన్ 21, శనివారం

విప్పాను. బేరింగ్ అద్దంలా ఉంది.

జూన్ 23, సోమవారం

నంబర్ 2 ఇంకా బిగించడం కాలేదు. షాఫ్టు వరసలో కూర్చోవడం లేదు.

ఉడత మూడు రోజులుగా స్నానం చేయలేదు. శుభ్రత మీద శ్రద్ధ పోవడం ఐదో గుర్తు. టిక్కు వేశాను. నా భార్యకు మెల్లగా చెప్పాను.

"అమ్మాయి మూడు రోజులుగా స్నానం చేయడం లేదు. గమనించావా?"

ఆమె మిషన్ ఆపింది. "ఇంట్లో ఎవరు చేశారండీ? వీధిలో ఎవరు చేశారు? నీళ్ళెక్కడివి? పంపు విప్పి కూర్చుంది మీరేగా!"

నిజమే. మా వీధికి వచ్చేది నంబర్ 2 నీళ్ళే.

టిక్కు మీద గీత గీశాను. మా లాగ్ బుక్కులో ఒక నియమం ఉంది. తప్పు రాస్తే చెరపకూడదు, తెల్లరంగు పూయకూడదు. దాని మీద ఒకే ఒక గీత, కింద ఏముందో చదవగలిగేలా. పక్కన సరైనది రాసి పొట్టి సంతకం పెట్టాలి. అలాగే చేశాను.

జూన్ 24, మంగళవారం

నీళ్ళు వచ్చాయి. నంబర్ 2 వణుకుతోంది. ఇదివరకు వణికేది కాదు.

ఇంజనీరు వచ్చి చెయ్యి పెట్టి చూశాడు. "బాగున్నదాన్ని విప్పి అనుమానం తీర్చుకున్నావు కదయ్యా. నీకు కర్ర ఉంది, చెవి ఉంది. ఇంకో నెల వింటే పోయేదేముంది?" అన్నాడు.

లాగ్ బుక్కులో 'వణుకు, స్వల్పం' అని రాశాను.

జూన్ 26, గురువారం

మొత్తం ఆరు టిక్కులు. గది, స్నేహితులు, చదువు, అనుమానం, తనలో తాను గుసగుసలాడటం, నిద్ర. ఏడో గుర్తు మాత్రం ఖాళీ: ఎవరూ లేనప్పుడు మాటలు వినిపించడం. కర్ర గోడకు పెడితే నాకు ఉడత మాటలు వినిపిస్తాయి గానీ, ఉడతకు ఏం వినిపిస్తుందో వినిపించదు.

ఈ ఒక్క గడి ఖాళీగా ఉన్నంతవరకు ఫరవాలేదనుకుంటున్నాను.

జూన్ 28, శనివారం

డ్యూటీ నుంచి వచ్చేసరికి ఈ పుస్తకం నా పెట్టెలో లేదు. భోజనాల బల్ల మీద తెరిచి ఉంది. ఇందులో రిమార్కుల గడి నేను ఎప్పుడూ నింపలేదు, ఏం రాయాలో తోచక. ఇప్పుడు పేజీ పేజీకీ ఆ గడి నిండి ఉంది. ఆకుపచ్చ సిరా. ఉడత రాత.

గది తలుపు దగ్గర: 'గోడ అవతల కర్ర పట్టుకుని ఒక మనిషి. అమ్మమ్మ సాక్షి.'

అనుమానం దగ్గర: 'మండుటెండలో నల్ల గొడుగు. తర్వాత పూల గొడుగు. అది అమ్మది నాన్నా. దాంతో ఇంకా తొందరగా గుర్తుపట్టాను. నాతో చదివేవాళ్ళంతా నీకు పేరు కూడా పెట్టారు. చెప్పను.'

గుసగుసల దగ్గర: 'నీ గురించే, ఫోన్‌లో, నా ఫ్రెండ్‌తో. గట్టిగా మాట్లాడితే కర్రలో వినిపిస్తుందని.'

నిద్ర దగ్గర: 'గోడకి పరుపు పెట్టేస్తే కింద పడుకోవాలి. నేల గట్టిగా ఉంది.'

'పదిహేను అడుగులు' అని నేను రాసిన చోట: 'ఎనిమిది. లెక్క సరిచూసుకో.'

నిలబడే చదివాను. ఒక దగ్గర నవ్వు కూడా వచ్చింది. తర్వాత పేజీ తిప్పాను.

ఏడో గుర్తు. ఖాళీ గడి. ఆకుపచ్చ సిరాతో టిక్కు. పక్కన: 'మూడుసార్లు. నువ్వు అడగలేదు.'

జూన్ 29, ఆదివారం

జూన్ 30, సోమవారం

నిన్న తేదీ వేసి రాయలేకపోయాను.

ఇవాళ ఉడత గది తలుపు తట్టాను. కుర్చీ తీసింది. లోపలికి వెళ్ళి నిలబడ్డాను. అడగాలనుకున్నది వేరు. చివరికి, "పరుపు ఎత్తడానికి సాయం కావాలా?" అన్నాను.

"కావాలి" అంది.

ఇద్దరం పరుపు మళ్ళీ మంచం మీద వేశాం. దాని మీద కూర్చుని తనే చెప్పింది. కళ్ళు మూతపడే ముందు ఎవరో తన పేరు పిలిచినట్టు ఉంటుందట. పరీక్షల రోజుల్లో రెండుసార్లు, పోయిన వారం ఒకసారి. లేచి చూస్తే ఎవరూ ఉండరు.

"భయమేసిందా?"

"మొదటిసారి వేసింది. పోయిన వారం నీకు చెబుదామని వచ్చా. నువ్వు నా వైపు చూసి ఆ పుస్తకంలో ఏదో రాసుకున్నావు. వెళ్ళిపోయా."

నా భార్య కౌన్సెలర్ మేడమ్‌కు ఫోన్ చేసింది. గురువారం డాక్టరు దగ్గరకు.

జూలై 3, గురువారం

పిల్లల మానసిక వైద్యురాలి గది చిన్నది. మూడు కుర్చీలు, ఒక గడియారం, ఒక పెట్టెలో బొమ్మలు. డాక్టరమ్మ ముందు ఉడతతో ఒంటరిగా మాట్లాడింది, యాభై నిమిషాలు. తలుపు మూసి ఉంది. కర్ర తీసుకురాలేదు. తెచ్చి ఉంటే ఏం చేసేవాడినో చెప్పలేను.

నా భార్య నా మోకాలి మీద చెయ్యి వేసింది. "కాలు ఆడించకండి. బెంచీ మీద అందరం ఊగుతున్నాం." పక్కన ఇద్దరు తల్లులు కూడా ఊగుతూ నా వైపు చూస్తున్నారు.

తర్వాత మమ్మల్ని పిలిచింది. నా పుస్తకం ఆమె ముందు ఉంది. ఉడతే తెచ్చి ఇచ్చిందట. డాక్టరమ్మ అద్దాలు తీసి కళ్ళు తుడుచుకుంటోంది. ఏడ్చిందేమోనని భయపడ్డాను. నవ్విందట.

"క్షమించండి. ఇంత శ్రద్ధగా రాసినవాళ్ళను నేను చూడలేదు. కానీ ఈ ఆరు టిక్కుల్లో నాలుగు మీరు గమనించడం మొదలుపెట్టాక వచ్చినవి. మీరు చూస్తున్నారని ఆమె అనుకుంది, మీరు చూస్తున్నారు. దాన్ని అనుమానం అనరు, చూపు బాగుంది అంటారు."

"మిగతా రెండు?"

"చదువు కొంచెం తగ్గింది. పాత స్నేహితురాలు బడి మారింది, ఇంకొకరు ఇంకా కుదరలేదు. ఆ రెండూ నిజమే, వాటికి కారణాలూ ఉన్నాయి."

"ఏడోది?"

ఆమె నవ్వు ఆపింది. నిద్ర పట్టే ముందు పేరు పిలిచినట్టు వినిపించడం చాలామందికి జరుగుతుందట, పెద్దవాళ్ళకు కూడా. తాను చూసేవి వేరేవట: ఎంత తరచుగా వస్తోంది, మెలకువలో కూడా వస్తోందా, ఆ పిలిచింది నిజంగా మనిషే అని ఎంత నమ్ముతోంది, దాని వల్ల ఏమైనా మానేస్తోందా. "అది నిజం గొంతు కాదని అమ్మాయికే తెలుసు. ఇప్పుడు నేను జబ్బు అనను. ఏమీ లేదని కూడా అనను. నెలకోసారి రండి. బాగా నిద్రపోనివ్వండి. మందు ఏమీ లేదు."

ఇంజనీరు గుర్తొచ్చాడు. ఇంకో నెల వింటే పోయేదేముంది అన్నాడు.

అప్పుడు డాక్టరమ్మ ఫైలు తెరిచింది. బడిలో నేనిచ్చిన ఫారం కౌన్సెలర్ మేడమ్ పంపినట్టుంది, అందులో ఉంది. "కుటుంబంలో ఎవరికీ లేదని రాశారు. అంతేనా? ఇది అమ్మాయి మీద ముద్ర వేయడానికి కాదు. ఎంత జాగ్రత్తగా వినాలో నాకు తెలియాలి, అంతే."

ఉడత నన్నే చూస్తోంది. నా భార్య నేలను చూస్తోంది.

"లేదండీ" అన్నాను.

జూలై 4, శుక్రవారం

ప్రెషర్ మామూలు. వేడి మామూలు. శబ్దం మామూలు.

జూలై 5, శనివారం

ఇరవై రెండేళ్ళలో లాగ్ బుక్కులో తెలిసి తెలిసి తప్పు రీడింగ్ రాయలేదు. రాసినవాళ్ళతో మాట్లాడటం మానేశాను కూడా.

జూలై 7, సోమవారం

డ్యూటీకి సెలవు పెట్టి ఆసుపత్రికి వెళ్ళాను. కౌంటర్లో గుమాస్తా.

"ఒక ఫారం దిద్దాలండీ."

"ఇచ్చిన ఫారం వెనక్కి ఇవ్వం."

"వెనక్కి వద్దు. ఒక పదం కొట్టేసి సంతకం పెడతాను."

"కొట్టివేతలు ఒప్పుకోం."

"ఒకే గీత. కింద చదవచ్చు. పక్కన పొట్టి సంతకం."

అతను నన్ను పైనుంచి కిందికి చూశాడు. "మీరు పేషెంటా, పేషెంటు తాలూకా?"

జేబులోంచి పెన్ను తీశాను. డాక్టరమ్మ అటుగా వెళుతూ చూసి లోపలికి పిలిచింది.

ఫైలు ఇచ్చింది. 'లేదు' మీద గీత గీశాను. పక్కన 'ఉన్నాడు, మా అన్నయ్య' అని రాసి సంతకం పెట్టాను.

తర్వాత ఆమె అడిగింది, నేను చెప్పాను. మొదట చదువు తగ్గిన నెల, గది తలుపు మూసిన వారం, కిటికీలకు కాగితాలు అంటించిన రోజు. అన్నీ తేదీలతో సహా.

"ఇంత కచ్చితంగా ఎలా గుర్తున్నాయి?"

"అప్పుడు నాకు పన్నెండేళ్ళు. నోటుబుక్కులో రాసుకున్నాను."

"ఎవరికైనా చూపించారా?"

"లేదండీ. రాశాను."

అన్నయ్య ఎక్కడున్నాడని అడిగింది. బస్సులో రెండు గంటల దూరంలో ఒక హోమ్‌లో ఉన్నాడని చెప్పాను. చూసి పదకొండేళ్ళయిందని, ఏడాదికో చొక్కా పోస్టులో పంపుతానని చెప్పాను. ఉత్తరం పెడతారా అంది. చొక్కాతో పాటు ఉత్తరం పెడితే మడత పాడవుతుందన్నాను. అది నాకే నమ్మబుద్ధి కాలేదు.

ఇంటికి వచ్చి నా భార్యకు చెప్పాను. ఆమె కత్తెర వెతుకుతూనే వింది.

"నాకు తెలుసు" అంది.

"ఎలా?"

"పెళ్ళైన ఏడాదే మీ అమ్మగారు చెప్పారు. మీరెప్పుడు చెబుతారా అని పదహారేళ్ళుగా చూస్తున్నా. డాక్టరు దగ్గరైనా నోరు విప్పుతారేమోనని చూశా."

లోపలి నుంచి అత్తయ్యగారు, "నాకూ తెలుసు అల్లుడుగారూ! ఆయనకి కూడా చెప్పాను!" అని కేక వేసింది.

అంటే మామగారి ఫొటోకు కూడా తెలుసు. ఇంట్లో తెలియనిది ఉడతకే.

జూలై 8, మంగళవారం

ఉడతకు చెప్పాను. గుమ్మంలోనే. చెప్పులు విప్పకుండా. విప్పితే ధైర్యం పోతుందని.

అంతా వింది. తర్వాత అడిగింది: "నాకూ అలాగే అవుతుందా?"

"తెలియదు. అందరికీ అవ్వదట. వినడానికి డాక్టరమ్మ ఉంది. మేమున్నాం."

"పెదనాన్న ఎలా ఉంటాడు?"

చూసి పదకొండేళ్ళయిందని చెప్పాను.

"అడిగి తెలుసుకుందాం పద" అంది.

జూలై 13, ఆదివారం

హోమ్ వరండాలో నలుగురు మనుషులు బెంచీ మీద కూర్చుని ఉన్నారు. నలుగురికీ నీలం గళ్ళ చొక్కాలు. ఇంకొకాయన పైపుతో మొక్కలకు నీళ్ళు పెడుతున్నాడు, ఆయనదీ అదే. నేను వేసుకున్నదీ అదే. ఉడత అందరినీ చూసి నన్ను చూసింది. "నాన్నా, ఇక్కడ నీ యూనిఫామ్ ఏంటి?" అంది.

అన్నయ్య ఇస్త్రీ గదిలో ఉన్నాడు. హోమ్‌లో అందరి బట్టలూ ఆయనే ఇస్త్రీ చేస్తాడట. జుట్టు తెల్లబడింది. నాకు రెండింతలయ్యాడు. తలెత్తి చూసి, "వచ్చావా" అన్నాడు, పొద్దున సందు చివరిదాకా వెళ్ళి వచ్చినవాణ్ణి అన్నట్టు. తర్వాత నా చొక్కా చూశాడు.

"ఏమిట్రా ఆ ముడతలు? ఇటివ్వు."

"వద్దులే అన్నయ్యా."

"ఇవ్వమన్నానా!"

విప్పి ఇచ్చాను. బనియన్‌తో స్టూలు మీద కూర్చున్నాను. ఉడత మొహం అటు తిప్పుకుంది. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

"ఏటా నీ సైజే పంపుతావు" అన్నాడు కాలర్ తిప్పుతూ. "నాకు ఒక్కటీ పట్టలేదు. ఇక్కడ సన్నవాళ్ళంతా నీ పేరు చెప్పుకుని బతుకుతున్నారు. ఒక్కసారి సైజు అడగొచ్చుగా?"

ఆయన ఉడత వైపు తిరిగాడు.

"వీడు అంతేనమ్మా. నాకు బాగాలేనప్పుడు రోజూ తలుపు వెనక నిలబడి నా మీద పుస్తకం రాసేవాడు. నన్నెవరో చూస్తున్నారు, రాసుకుంటున్నారు అని నేను గోల పెట్టేవాణ్ణి. అందరూ జబ్బన్నారు. జబ్బు జబ్బేలే, అది వేరు. మందులు వేసుకున్నాను, ఇప్పటికీ వేసుకుంటున్నాను. కానీ ఆ ఒక్క ముక్క మాత్రం నిజం. చూసింది వీడే!"

ఉడతకు ఇక ఆగలేదు. ముక్కులోంచి నవ్వు వచ్చేసింది. "గొడుగు కూడా పట్టుకునేవాడా పెదనాన్నా?"

"గొడుగా? అప్పుడు తువ్వాలు."

ఇద్దరూ నవ్వుతున్నారు. నేను బనియన్‌తో మధ్యలో కూర్చుని ఉన్నాను. చివరికి అడిగాను. నలభై ఏళ్ళు కావస్తోంది.

"అప్పుడు నేను అడిగి ఉంటే చెప్పేవాడివా?"

ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి ఆలోచించాడు. "చెప్పేవాణ్ణి కాదేమో. కానీ ఎవరో అడిగినట్టు ఉండేది" అన్నాడు.

చొక్కా మడిచి నా ఒళ్ళో పెట్టాడు. వెచ్చగా ఉంది. వెంటనే తొడుక్కోలేదు.

వచ్చేటప్పుడు సైజు అడిగి రాసుకున్నాను. నలభై నాలుగు.

జూలై 21, సోమవారం

నంబర్ 2 ఇంకా కొంచెం వణుకుతోంది. విప్పను. రోజూ దాని పక్కన కూర్చుని వింటున్నాను. "ఇప్పుడు పంపుకు కథలు కూడా చెబుతున్నావా తమ్ముడూ?" అన్నాడు కథల మాస్టారు. ఆయన టిక్కుల్లో ఐదు కొట్టేశాను.

ఆగస్టు 4, సోమవారం

డాక్టరమ్మ దగ్గరకు రెండోసారి వెళ్ళాం. వచ్చే నెల మళ్ళీ రమ్మంది.

ఆగస్టు 17, ఆదివారం

ఉడతకు పదిహేను నిండాయి. పెదనాన్న పోస్టులో గౌను పంపాడు. చక్కగా ఇస్త్రీ చేసి ఉంది. సైజు సరిపోయింది. ఫోన్ చేసి అడిగాడట.

సాయంత్రం గదిలోకి వెళ్ళాను. తలుపు తెరిచే ఉంది, కుర్చీ బల్ల దగ్గర ఉంది.

"ఈ నెలలో ఏమైనా వినిపించిందా?"

"ఒకసారి. పోయిన మంగళవారం."

పుస్తకం కోసం చెయ్యి జేబు దగ్గరకు వెళ్ళింది. తీయలేదు.

"తర్వాత?"

"పక్కకి తిరిగి పడుకున్నా. పొద్దున అమ్మకి చెప్పా. డాక్టరమ్మకి కూడా చెబుతా." నా జేబు వైపు చూసింది. "రాసుకోవా?"

"నువ్వు చెప్పావుగా."

"మరి నీకో నాన్నా? నీకేమైనా వినిపిస్తుందా?"

నన్నెవరూ ఎప్పుడూ అడగలేదు. చెప్పాను. సెలవు రోజు కూడా చెవిలో పంపు తిరుగుతూనే ఉంటుందని. అది ఆగిపోతుందేమోనని భయమని. అన్నయ్య గది తలుపు మూసుకున్న చప్పుడు ఇంకా వినిపిస్తుందని.

ఉడత నా జేబులోంచి పుస్తకం లాగి, ఆకుపచ్చ పెన్ను తీసి ఏదో రాసి ఇచ్చింది. ఇప్పుడే చూశాను. సమయం, ప్రెషర్, వేడి, శబ్దం ఖాళీ. రిమార్కుల గడిలో:

'నాన్న. ఇవాళ అడిగాడు, అడిగితే చెప్పాడు. విప్పనక్కర్లేదు. వింటూ ఉండాలి.'

కింద పొట్టి సంతకం. చదివి, దాని పక్కన నాదీ పెట్టాను.